నాలుగో గేరు జారిన రోజులు

పాలకుర్తి నుంచి వచ్చిన రైతు తన డ్రైవరును దొంగ అనలేదు. అంతకంటే మెత్తని మాట వాడాడు. "వాని చెయ్యి మంచిది కాదక్కా" అన్నాడు. జనగామలో హైదరాబాదు రోడ్డుకు కాస్త లోపలగా ఉన్న మా షెడ్డులో ఇలాంటి మాట వారానికి రెండుసార్లయినా వినబడుతుంది. మా ఇంటాయన పాతికేళ్లకు పైగా గేరు బాక్సులు విప్పి బిగిస్తున్నాడు. విప్పిన ముక్కలను డీజిల్‌లో కడిగి, బల్ల మీద గోనెసంచి పరిచి వరుసగా పేర్చి, ఏది ఎంత అరిగిందో కొలిచి కాగితం మీద పెట్టడం నా పని. నాకు ఇదెవరూ నేర్పలేదు. ఇంటర్మీడియట్‌తో చదువు ఆగింది. మిగిలినదంతా పాత కేటలాగుల్లోని బొమ్మలు, పట్టికలు చూసి, పళ్లు లెక్కపెట్టి, తప్పులు చేసి నేర్చుకున్నాను. ఈ దారి మీద వడ్లు, పత్తి మోసే చిన్న డీజిల్ ట్రాలీ బండ్ల యజమానులు ముందు మా ఆయనతో మాట్లాడి, తరువాత నా కాగితం కోసం కూర్చుంటారు.

ఆ రైతు బండిలో నాలుగో గేరు జారుతోంది. యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే చాలు, గేరు దానంతటదే న్యూట్రల్‌లోకి వచ్చేస్తోంది. ఇద్దరు డ్రైవర్లను మార్చాడట. బాక్సు విప్పితే పళ్లు బాగానే ఉన్నాయి. ఫోర్కు మాత్రం ఒక పక్కన సగం అరిగిపోయింది. ఫోర్కు అంటే, పైన మనం గేరు రాడ్డు కదిలించినప్పుడు లోపల గేరును తోసి పట్టించే రెండు వేళ్ల ఇనుప ముక్క. గేరు పడ్డాక దానికి పని లేదు, ఊరికే ఉండాలి. పైనుంచి ఎవరైనా రాడ్డును నెడుతూ ఉంటే మాత్రం తిరిగే ఇనుముకు రాసుకుంటూ అరుగుతుంది. అరిగిన ఫోర్కు గేరును పూర్తిగా తోయలేదు, గేరు సగమే పడుతుంది, సగం పడ్డది రాడ్డును కొంచెం నెట్టినా జారుతుంది. నేను ఆ అరుగుదలను వెర్నియరుతో కొలుస్తూ అడిగాను.

"ముందట ముగ్గురు కూసుంటరా తమ్మీ?"

"ఆ, ముగ్గురమే."

"నడుమ ఎవరు?"

"నేనే. ఇంకెవలు? వాని మీద జర నిగా పెట్టాలె గదక్కా. డీజిల్ ముల్లు యాడుందో సూస్తుండాలె."

"ఒళ్లె సంచి పెట్టుకుంటవా?"

"పెట్టుకుంట. అండ్లనే టిఫిను, నీళ్ల సీస, బండి కాయిదాలు. ఎందుకు?"

మా ఆయన స్పానరు కింద పెట్టి నవ్వాడు. "డ్రైవర్లను ఎందుకు మార్చినవన్నా? సంచిని మారిస్తె అయిపోతుండె" అన్నాడు. షెడ్డులో ఉన్నవాళ్లంతా నవ్వారు, రైతు కూడా కొంత ఆలస్యంగా నవ్వాడు. నేను ఫోర్కును మళ్లీ కొలిచాను. ఇలాంటి ఫోర్కు ఇదే మొదటిసారి చూశానంటే అబద్ధమవుతుంది. ఎన్నో చూశాను, కొలిచాను, రాశాను. నడుమ ఎవరు కూర్చుంటారు అని మాత్రం ఆ రోజు దాకా ఒక్కరిని కూడా అడగలేదు. అంత సులువైన ప్రశ్న నాకెందుకు తట్టలేదు? తట్టలేదా, రానివ్వలేదా? నేను మనుషుల మాటలను నమ్మే రకం కాదు. ఆ రోజు నా మాట కూడా నేను నమ్మలేదు.

మా ఊరు రేగొండకు దగ్గర. ఇప్పుడు అది భూపాలపల్లి జిల్లా, అప్పుడు అన్నీ వరంగల్ జిల్లాయే. మా ఇంట్లో ప్రతిదానికీ ఒక గుర్తు ఉండేది. కల్లంలో వడ్ల రాశి పోశాక తాత దాని చుట్టూ బూడిదతో గీతలు గీసేవాడు, గింజ కదిలితే గీత చెదురుతుంది. కిరసనాయిలు సీసాకు నల్లదారం కట్టి ఉండేది, నూనె ఎక్కడివరకు ఉందో అక్కడ. అవ్వ పాలకుండలో వేలు ముంచి, ఏ కణుపు దాకా తడిసిందో చూసుకుని, సాయంత్రం మళ్లీ ముంచేది. పిండి డబ్బా మీద అరచేయి అద్ది మూత పెట్టేది. దొంగతనాలు జరిగిన ఇల్లు కాదు మాది. నాకు తెలిసి ఒక్క గింజ కూడా పోలేదు. పోలేదు కాబట్టి గుర్తులు పనిచేస్తున్నాయని తాత అనేవాడు. నేను అంకెలు నేర్చుకున్నది బడిలో కాదు, ఆ గుర్తుల దగ్గర. నాలుగో తరగతికే రాశి చుట్టుకొలత చూసి బస్తాలు చెప్పేదాన్ని. చుట్టాలు వస్తే బాపు, అంటే మా నాన్న, నన్ను పిలిచి చెప్పించేవాడు.

బాపు ఒక పాత డీజిల్ జీపు కొన్నాడు. వెనక సీట్లు పీకి రెండు పక్కలా చెక్క బల్లలు వేయించాడు. పొద్దున రేగొండ నుంచి భూపాలపల్లికి గనుల్లో పనికి పోయేవాళ్లు, కాలేజీ పిల్లలు, కూరగాయల గంపలు. తిరిగి వచ్చేటప్పుడు సిమెంటు, ఎరువు బస్తాలు. తొమ్మిది మంది కోసం చేసిన బండిలో నేను ఒకరోజు ఇరవై మూడు మందిని లెక్కపెట్టాను, టాపు మీద ఎరువు బస్తాలు వేరు. ఆ రోజుల్లో మా ఇంటికి ఒక కొత్త వాసన వచ్చింది. గేరు ఆయిలు వాసన. మురిగిన గుడ్డు, కాలిన వెల్లుల్లి కలిసినట్టుంటుంది. చేతులకు అంటితే కుంకుడు పులుసుతో కడిగినా మూడు పూటలు పోదు. బాపు అన్నం కలుపుతుంటే ఆ వాసన వచ్చేది. అవ్వ ముక్కు మూసుకుని, "ఇనుప బర్రెను దెచ్చినవ్, పాలియ్యది పేడెయ్యది" అని తిట్టేది. తాత పొద్దున్నే టాంకులో పుల్ల ముంచి డీజిల్ చూసి, పుల్ల మీద గోరుతో గాటు పెట్టేవాడు.

బండి నడిపేది బాలు. మహబూబాబాద్ దగ్గర ఒక తండా అతనిది. అంతకుముందు ట్రాక్టరు నడిపేవాడు. నాకంటే పదేళ్లు పెద్ద ఉంటాడేమో. అతను, భార్య కమ్లి మా కొట్టం పక్కన గదిలో ఉండేవాళ్లు. వాళ్లిద్దరూ వాళ్ల భాషలో మాట్లాడుకుంటే అవ్వ చేతిలో పని ఆపి చెవి అటు పెట్టేది. ఒకరోజు ఉండబట్టలేక అడిగేసింది. "ఏందే కమ్లీ, మీ ఆయినతోని ఏమంటున్నవ్? మా ముచ్చటేనా?"

"కూరల ఉప్పు తక్కువైందన్నడవ్వా. ఎక్కువ గావాలంటె నువ్వే వండుకో అన్న."

అవ్వ నమ్మలేదు. "ఉప్పుకు గంత ముచ్చటెందుకు?" అని మాకు చెప్పింది.

బాలు బండిని చెవితో నడిపేవాడు. అడవి బాటలో ఎత్తు రాకముందే గేరు తగ్గించేవాడు. చిన్నాయిన, అంటే బాపు తమ్ముడు, నడిపే రోజుల్లో బండి వణికి మూలిగేదాకా అదే గేరులో లాగేవాడు. బాలు ఒకసారి బాపుతో అన్నాడు, "పటేలా, పది బస్తాలు తగ్గియ్యున్రి. మూడో గేరు ఏడుస్తున్నది." బాపు నవ్వి, "నువ్వు మోస్తున్నవారా బస్తాలు? ఇనుమది, అదే మోస్తది" అన్నాడు. ఇనుము మోస్తుంది, నిజమే. కానీ దాని లెక్క వేరు. బేరింగు మీద బరువు రెట్టింపైతే దాని ఆయుష్షు సగం కాదు, ఎనిమిదో వంతుకు పడుతుంది. పళ్ల సంగతి ఇంకా ఘోరం. ఈ లెక్క నాకు చాలా ఏళ్ల తరువాత ఒక కేటలాగులో దొరికింది. అప్పట్లో మా ఇంట్లో ఎవరికీ తెలియదు, బాలు చెవికి తప్ప.

మొదట మూడో గేరు పళ్లు విరిగాయి. భూపాలపల్లిలో యూసుఫ్ భాయ్ అనే మెకానిక్ విప్పి, విరిగిన మూడు పళ్లను బాపు అరచేతిలో పెట్టాడు. "చూడున్రి పటేల్ సాబ్, ముక్క లోపల గరుకుగ ఉన్నది. బరువుకు ఇరిగింది" అన్నాడు. బాపు ఇంటికొచ్చి, "కొత్తది అని పాతది ఏసి ఉంటడు. మనం మళ్ల మళ్ల వాని కాడికే పోవాలని సూస్తడు" అన్నాడు. కొన్ని నెలలకు బేరింగు పోయింది. ఈసారి తాత తోడు వెళ్లి, బాక్సు మూసే ముందే ప్రతి చక్రం మీదా మూడుమూలల ఆకురాయితో సన్నని గాటు పెట్టించాడు. యూసుఫ్ భాయ్ టీ తాగుతూ చూశాడట. తరువాతిసారి విప్పినప్పుడు గాట్లన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి. ఒక్క ముక్క మారలేదు. మెకానిక్ తప్పు లేదని తేలిన ఆ సాయంత్రం మా ఇంట్లో ఎవరూ సంతోషించలేదు. అన్నం తింటూ తాత అన్నాడు, "గట్లయితె ఇంక మిగిలింది ఎవడు?"

నాలుగో గేరు జారడం మొదలైంది ఆ తరువాతే. సరిగ్గా చెప్పాలంటే, తాత బండిలో కూర్చోవడం మొదలైన తరువాతే. ఇప్పుడు ఇలా సరిగ్గా చెప్పగలుగుతున్నాను. తాత రావడానికి రెండు కారణాలు. ఒకటి బాలు మీద కన్నేసి ఉంచడానికి. రెండోది నేను. అప్పుడే భూపాలపల్లిలో కాలేజీలో చేరాను. పటేలు ఇంటి పిల్ల వెనక బల్ల మీద గని పనివాళ్ల మధ్య కూర్చోకూడదు, ముందు సీటులో డ్రైవరు పక్కన అసలే కూర్చోకూడదు. అందుకని నేను కిటికీ వైపు, డ్రైవరుకు నాకు నడుమ తాత. చిన్నాయిన నడిపే రోజుల్లో ఈ గొడవ లేదు. బాబాయి పక్కన కూర్చుంటే ఎవరూ ఏమీ అనరు, తాత ఇంటి దగ్గరే ఉండేవాడు. తాత ఒడిలో ఖాకీ సంచి ఉండేది. వక్కల డబ్బా, సద్ది టిఫిను, ఇత్తడి చెంబు. డీజిల్ ముల్లు చూడడానికి ముందుకు వంగినప్పుడల్లా ఆ సంచి గేరు రాడ్డు మీదికి ఒరిగేది. నాలుగో గేరులో రాడ్డు వెనక్కి, అంటే కూర్చున్నవాడి ఒడి దాకా, వస్తుంది. సంచి దాన్ని ముందుకు నెడుతుంది. ముందుకు వస్తే న్యూట్రల్.

బాలు చెయ్యి ఎప్పుడూ రాడ్డు మీద ఉండేది. నేను దాన్ని గమనించాను. చిన్నాయిన చెయ్యి ఉండేది కాదు. మా ఇంట్లో ఆ పాటికి లెక్క పెట్టే పని నాదే. ఒక రఫ్ నోటుబుక్కులో గీతలు గీసి గడులు చేశాను. తారీఖు, డ్రైవరు, ఎక్కిన జనం, బస్తాలు, ఆయిలు మట్టం, నాలుగో గేరు ఎన్నిసార్లు జారింది. రెండు నెలలు రాశాను. బాలు నడిపినవి నలభై ఒక్క ట్రిప్పులు, గేరు జారింది పదిహేడుసార్లు. చిన్నాయిన నడిపినవి పంతొమ్మిది, ఒక్కసారి కూడా జారలేదు. బస్తాలు ఇద్దరివీ దాదాపు సమానం. దారి అదే, బండి అదే. మారింది డ్రైవరు ఒక్కడే అని నా గడులు చెప్పాయి. ఆ కాగితం చూసి నాకు కలిగిన సంతోషం ఇంకా గుర్తుంది. పరీక్షలో మార్కులు వచ్చినప్పుడు కూడా అంత కలగలేదు.

ఒక ఆదివారం పొద్దున బాపు బాలును అరుగు ముందుకు పిలిచాడు. తాత మంచం మీద, చిన్నాయిన గడప మీద కూర్చున్నారు. ఊరి వాళ్లు ముగ్గురు, వాళ్ల సొంత బండ్లున్నవాళ్లు, కావాలనే పిలిపించినట్టు వచ్చి నిలబడ్డారు. బండి పాడుచేసేవాడు అనే పేరు ఈ అరుగు మీద పడితే రేగొండ నుంచి భూపాలపల్లి దాకా అతనికి ఇంకెవరూ స్టీరింగు ఇవ్వరని అక్కడ అందరికీ తెలుసు. కమ్లి కొట్టం గుంజ పట్టుకుని నిలబడింది, ఆమెకు ఆరో నెల.

"సదువు బిడ్డా" అన్నాడు బాపు.

నేను చదివాను. నలభై ఒకటి, పదిహేడు, పంతొమ్మిది, సున్నా.

"ఏమంటవ్ బాలు?" అన్నాడు బాపు.

"జారుతది పటేలా. అందుకే చెయ్యి పెట్టి పట్టుకుంట. ఇడిస్తె ఇంకెక్కువ జారుతది."

"నువ్వు చెయ్యి పెడ్తున్నవ్ గాబట్టే జారుతున్నది. నా తమ్ముడు పెడ్తడా?"

"చిన్న పటేలు నడిపిననాడు గదాని అవసరం రాలే."

"అంటె నా బండి మనుషులను సూసి జారుతదా?" అన్నాడు చిన్నాయిన. నిలబడ్డవాళ్లు నవ్వారు. తాత ఉమ్మి, "తండోని చేతికి ఇనుమిస్తె గింతే" అన్నాడు. బాలు తాత వైపు చూశాడు. తరువాత నా వైపు చూశాడు, చాలాసేపు. నేను నోటుబుక్కు వైపు చూశాను. మధ్యాహ్నానికి గది ఖాళీ అయింది. కమ్లి మూట నెత్తిన పెట్టుకుని ముందు నడిచింది, బాలు వెనక. మా జీపులో దించమని వాళ్లు అడగలేదు, మేము అనలేదు.

బాలు వెళ్లాక బండిని చిన్నాయినే నడిపాడు. గేరు ఇంక జారలేదు. దీనికంటే రుజువు ఏం కావాలి? బాపు సంవత్సరం పాటు చెప్పుకున్నాడు, "నా బిడ్డ లెక్క తప్పది" అని. ఆ మాట జనగామ దాకా పోయింది. గేరు బాక్సులు విప్పే ఇంటికి నన్ను ఇవ్వడానికి అది కూడా ఒక కారణమని మా అత్తమ్మ పెళ్లయిన కొత్తలో చెప్పింది. ఇన్నేళ్ల నా పేరంతా ఆ పదిహేడు, సున్నాల మీద నిలబడింది. తాత ఇంట్లోనే ఉండిపోయాడన్న సంగతికి మాత్రం నా నోటుబుక్కులో గడి లేదు.

ఇప్పటి బండ్లు అప్పటివాటి కంటే చాలా గట్టివి. పళ్లు వెడల్పు, ఇనుము మేలు, ఆయిలు మేలు. అప్పటి మా జీపు బాక్సును ఇప్పటి ట్రాలీ బాక్సు పక్కన పెడితే పిల్లలాట సామానులా ఉంటుంది. మరి పళ్లు విరగడం తగ్గిందా అంటే లేదు. బాక్సు ఎంత గట్టిపడితే యజమాని అన్ని బస్తాలు ఎక్కువ వేశాడు. నిగా కూడా అంతే. పుల్ల ముంచే తాతలు పోయారు. బండి ఎక్కడ ఆగిందో ఫోనులో కనబడుతుంది, టాంకు మూతకు తాళం, అద్దం మీద కెమెరా. అవన్నీ పెట్టుకుని కూడా పాలకుర్తి రైతు వచ్చి నడుమ సీటులోనే కూర్చుంటున్నాడు. కెమెరాను నమ్మడు. నేనూ నమ్మను, కానీ వేరే కారణానికి. అది ఎటు తిప్పి పెడితే అటే చూస్తుంది. నా గడుల లాగే.

మూడు రోజులు ఆలోచించి, నాలుగో రోజు పొద్దున రైలెక్కి మహబూబాబాద్‌లో దిగాను. తండా పేరు మరచిపోలేదు. ఆటో దిగి నడుస్తుంటే ప్రతి గడప నుంచీ ఒకరు తొంగి చూశారు. బాలు ఇంటి ముందు మిరపకాయలు ఎండబోసి ఉన్నాయి. కోడలు లేచి నిలబడి, నా చేతి సంచిని, చెప్పులను చూసి, "సర్వేనా మేడం? మా కాడ కాయిదాలన్ని ఉన్నయ్" అంది. కాదన్నాను. "లోనా? మేం తీసుకోలే." అదీ కాదన్నాను. అప్పుడామె నన్ను ఇంకా ఎక్కువ అనుమానంగా చూసింది. లోపలి నుంచి ఒక ముసలాయన వచ్చాడు. చెవుల దగ్గర తప్ప జుట్టు లేదు. చేతులు మాత్రం అవే.

"ఎవలమ్మా?"

"పద్మను అన్నా. రేగొండ దిక్కు పటేలు బిడ్డను."

కుర్చీ చూపించాడు కానీ తాను కూర్చోలేదు. "పటేలు ఉన్నడా?" అన్నాడు. లేడన్నాను. "పెద్ద పటేలు ఎప్పుడో పోయుంటడు" అన్నాడు. తలూపాను. కమ్లి గురించి అడిగితే గోడ మీది ఫొటో చూపించాడు, దండ వేసి ఉంది. అప్పటి నుంచి ఏం చేశాడని అడిగాను. మిరప తోటల్లో కూలి, తరువాత ఒక గోదాము కాడ కాపలా. స్టీరింగు మళ్లీ పట్టలేదు. "మీ ఊరి ముచ్చట మా దిక్కుదాంక ముందే వచ్చి కూసున్నది" అన్నాడు.

నేను చెప్పవలసింది చెప్పాను. ఫోర్కు, సంచి, తాత, నేను రాసిన గడులు, రాయని గడి. బాలు వింటూ వింటూ నవ్వాడు.

"గా సంచి ముచ్చటా? నాకు గప్పుడే ఎర్క గదమ్మా."

"ఎర్కుంటే ఎందుకు చెప్పలేదన్నా?"

"చెప్పిన గద. బండ్లనే చెప్పిన, అరుగు మీద గాదు. 'పటేలా, సంచి జర కింద పెట్టున్రి' అన్న. 'నా సంచి మీద కన్ను పడ్డదారా నీకు' అన్నడు. నువ్వు పక్కన్నే ఉన్నవ్. ఇంటికి పోయినంక నువ్వే చెప్పినవట, బాలు తాత సంచి ముచ్చట తీసిండని. అవ్వ అడిగింది కమ్లిని, మీ ఆయినకు మా సంచితోని ఏం పని అని. ఇంక ఏమంట?"

నాకు గుర్తు లేదు అనబోయాను. ఉంది. ఆ సాయంత్రం నేను పాలు తాగుతూ చెప్పాను.

అంతలో ఇంటి ముందు ఒక డీజిల్ ట్రాలీ ఆగింది. బాలు కొడుకు సురేశ్, ముప్పై దాటినవాడు, సొంత బండి. నేనెవరో తెలిసి ముఖం గట్టిపడింది. "ఇదంతా నాకెందుకు చెప్తున్నవమ్మా, వానికి చెప్పు" అన్నాడు బాలు మెల్లగా. "నేను బండి పాడుచేసి ఎల్లగొట్టిచ్చుకున్ననని వాళ్లమ్మ సచ్చెదాంక అన్నది. వాడు ఇప్పటికి నన్ను వాని బండి ముట్టనియ్యడు." నేను మళ్లీ మొదటి నుంచి చెప్పాను. సురేశ్ నన్ను కాదు, తండ్రిని చూస్తూ విన్నాడు.

"నువ్వు పిలిపించినవా ఈమెను?" అని అడిగాడు తండ్రిని.

"నాకేం ఎర్కరా? నా కాడ ఈమె నంబరున్నదా?"

"మరి ఇన్నేండ్లకు ఎందుకొచ్చింది? ఉత్తగ ఎవలన్న వస్తరా?"

అతని స్థానంలో నేనున్నా అదే అడిగేదాన్ని. చెప్తే నమ్మరు, చూడాలి అన్నాను. బండి ఎక్కమన్నాను. సురేశ్ తాళం తీశాడు. అతను స్టీరింగు దగ్గర, నేను నడుమ సీటులో సంచి ఒడిలో పెట్టుకుని, బాలు కిటికీ పక్కన. తండా దాటి తారు రోడ్డెక్కి నాలుగో గేరు వేశాడు. నేను డీజిల్ ముల్లు చూస్తున్నట్టు తాతలాగా ముందుకు వంగాను. "చెయ్యి రాడ్డు మీద పెట్టు తమ్మీ" అన్నాను. పెట్టాడు. కొంతదూరం పోయాక, "నూకుతున్నది" అన్నాడు. ఇంకొంతదూరం పోయాక, "గాని జారలే" అన్నాడు.

"నీ బాక్సు కొత్తది. ఒక్కనాటికి జారదు. రోజూ నూకితే లోపల ఫోర్కు అరుగుతది, అరిగినంక గదే నూకుడుకు జారుతది."

"ఎన్నిరోజులకు?"

"మా దానికి పద్నాలుగు నెలలు పట్టింది."

"పద్నాలుగు నెలలు నువ్వు బండ్ల కూసున్నవా?"

"కూసున్న. కిటికీ పక్కన."

అతను రోడ్డు మీది నుంచి చూపు తిప్పలేదు. "సంచి కనబడలేదా?" అన్నాడు.

బాలు బయటికి చూస్తూ, "పోనియ్యిరా, సిన్న పిల్ల గప్పుడు" అన్నాడు.

చిన్నపిల్లను కాను. పదిహేడేళ్లు. బస్తా బరువు చూపుతో చెప్పగలదాన్ని. ఆ సంచి రాడ్డును తాకడం రోజూ నా మోచేతికి మూరెడు దూరంలో జరిగింది. ఆ సీటులో తాత కూర్చున్నది బాలు మీద అనుమానంతోనే కాదు, నా మీద అనుమానంతో కూడా అని నాకు అప్పుడే తెలుసు. ఆ గడి గీస్తే దాని మీద నా పేరు కూడా రాయవలసి వచ్చేది.

"కనబడింది. రాసుకోలే" అన్నాను.

సురేశ్ బండిని పక్కకు తీసి ఆపాడు. ఇంజను ఆపలేదు. దిగి, చుట్టూ తిరిగి కిటికీ వైపు తలుపు తీశాడు. "నాయినా, దిగు. అటు పోయి కూసో."

"నాకు లైసెన్సు లేదురా ఇప్పుడు."

"తండ దాంకనే. ఎవలు సూస్తరు?"

బాలు దిగి చాలాసేపు రోడ్డు మీదే నిలబడ్డాడు. కొడుకు మీద కూడా అనుమానమేనేమో. తరువాత మెల్లగా అటువైపు ఎక్కాడు. సీటు ముందుకు జరుపుకున్నాడు. రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టి ఇంజను చప్పుడు విన్నాడు. సురేశ్ కిటికీ పక్కన కూర్చుని తలుపు వేశాడు. బాలు ఎడమ చెయ్యి రాడ్డు మీదికి వచ్చి ఆగింది. గేరు వేయలేదు. తల కొంచెం తిప్పి నా ఒడి వైపు చూశాడు.

సంచి తీసి కింద, నా కాళ్ల దగ్గర పెట్టుకున్నాను.